పైన మూడు రగ్గులు, కింద ఒక్కటీ లేదు: ఉయ్యాల క్యాంప్‌కు పిల్లల్ని సిద్ధం చేద్దాం



ఈ డిసెంబర్‌లో మన ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు రెండు రాత్రుల నైట్ క్యాంప్ ఉంది. సర్క్యులర్ పంపిన రోజు నుంచి చాలామంది పేరెంట్స్ ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "మేడం, మావాడు హ్యామక్ కావాలంటున్నాడు. కొనాలా? దాంతోపాటు స్లీపింగ్ బ్యాగ్ కూడా కొనాలా?"

హ్యామక్ అంటే రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాల. ఆన్‌లైన్‌లో రంగురంగులవి దొరుకుతున్నాయి కాబట్టి పిల్లలకు దాని మీద మోజు ఎక్కువ. మోజు తప్పేం కాదు. అయితే డిసెంబర్ రాత్రి దాంట్లో పడుకోవాలంటే ఉయ్యాలకన్నా ముందు ఆలోచించాల్సింది దాని కింద ఏముంది అని. ఈ విషయం నాకు పోయిన ఏడాది క్యాంప్‌లో తెలిసింది. తెలిసిన తీరు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆ రాత్రి రెండున్నరకు

పోయిన ఏడాది ముదిగుబ్బ బయట ఒక మామిడి తోటలో క్యాంప్ పెట్టాం. పిల్లలు తెచ్చుకోవాల్సిన వస్తువుల లిస్టు రాసింది నేనే. "కప్పుకోవడానికి రెండు రగ్గులు" అని రాశాను. కింద పరుచుకోవడానికి ఏం తేవాలో రాయలేదు. టార్పాలిన్, జంఖానాలు మేమే వేస్తాం కదా అనుకున్నాను. ఉయ్యాలలో పడుకునేవాళ్ల సంగతి నా తలకు తట్టనే లేదు.

రాత్రి రెండున్నర ప్రాంతంలో రౌండ్‌కు వెళ్తే ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఉయ్యాలలో ముడుచుకుని వణుకుతున్నాడు. మీద రెండు రగ్గులు ఉన్నాయి. "వీపు మంచులా ఉంది మేడం" అన్నాడు. నా రగ్గు తెచ్చి మీద కప్పాను. మూడు రగ్గులయ్యాయి. పది నిమిషాలైనా వణుకు తగ్గలేదు. నేల మీద జంఖానా పరుచుకుని పడుకున్న పిల్లలు మాత్రం ఒక్కో రగ్గుతోనే హాయిగా నిద్రపోతున్నారు.

పక్క ఉయ్యాలలో ఉన్న పిల్లవాడు మెల్లగా లేచి, "మేడం, నా బ్యాగ్‌లో కంబళి ఉంది" అన్నాడు. బ్యాగ్ అడుగున, బట్టల కింద దాచినట్టు పెట్టుకున్నాడు. నల్లటి ఉన్ని కంబళి. వాళ్ల తాత గొర్రెలు మేపుతారు. దాన్ని రెండు మడతలు వేసి, వణికే అబ్బాయిని లేపి, అతని కింద పరిచాం. నా రగ్గు నేను వెనక్కి తీసుకున్నాను. పావుగంటకు వణుకు ఆగింది. ఇంకాసేపటికి నిద్రపోయాడు.

"ముందే ఎందుకు తియ్యలేదు నాన్నా?" అని ఆ రెండోవాణ్ణి అడిగాను. "అందరూ స్లీపింగ్ బ్యాగ్‌లు తెచ్చుకున్నారు మేడం" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. వాడు కూడా అప్పటిదాకా చలికి మేలుకునే ఉన్నాడని తర్వాత తెలిసింది.

నేను సైన్స్ టీచర్‌ని. ఉష్ణం పాఠం ఏటా చెబుతాను. బోర్డు మీద వహనం, సంవహనం, వికిరణం అని మూడు గళ్లు గీసి నోట్స్ రాయిస్తాను. ఆ పాఠం నాకు మార్కులకే పనికొచ్చింది, వణుకుతున్న పిల్లవాడి దగ్గర నిలబడినప్పుడు గుర్తుకు రాలేదు. అందుకే ఈ నెల ఆ పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఉయ్యాల దగ్గర నుంచి మొదలుపెడుతున్నాను.

చలి కింది నుంచి ఎందుకు వస్తుంది?

నిజానికి చలి ఎక్కడి నుంచీ రాదు. మన వేడి బయటికి పోతుంది. శరీరం లోపల వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. శీతాకాలం రాత్రి మన తోటల్లో గాలి 15 డిగ్రీల చుట్టుపక్కలకు, కొన్ని రాత్రులు అంతకన్నా కిందికి దిగుతుంది. ఈ తేడా ఉన్నంతసేపూ వేడి మన ఒంట్లోంచి బయటికి పోతూనే ఉంటుంది. పోయే దారులు మూడు.

మొదటిది వహనం. తగిలినదాని గుండా వేడి పోవడం. చలికాలం పొద్దున్నే కడప బండల మీద కాలు పెడితే తెలుస్తుంది.

రెండోది సంవహనం. కదిలే గాలి వేడిని మోసుకుపోవడం. వేడి టీని సాసర్‌లో పోసి ఊదడం ఇదే.

మూడోది వికిరణం. తగలకుండానే వేడి దూరానికి పోవడం. మన పీఠభూమిలో గాలి పొడిగా ఉంటుంది, ఆకాశంలో మబ్బు తక్కువ. అందుకే పగలంతా ఎండ కాసినా రాత్రికి నేలా రాళ్లూ తొందరగా చల్లబడతాయి.

మరి రగ్గు ఏం చేస్తుంది? రగ్గు తనంతట తాను వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలే మనల్ని కాపాడుతుంది. కదలకుండా నిలబడిన గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా పోతుంది. మంచి రగ్గు అంటే ఎక్కువ గాలిని కదలకుండా పట్టి ఉంచే రగ్గు.

ఇక్కడే ఉయ్యాల చిక్కు ఉంది. మీద కప్పుకున్న రగ్గు ఉబ్బెత్తుగా ఉండి గాలిని పట్టుకుంటుంది. అదే రగ్గు ఒంటి కిందికి వచ్చిన చోట మన బరువుకు నలిగి అప్పడంలా అవుతుంది. పోగుల మధ్య గాలి బయటికి పోతుంది. మిగిలేది పల్చటి గుడ్డ. ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్‌కైనా ఇదే గతి. పైభాగం పొంగి ఉంటుంది, వీపు కింద మాత్రం నలిగిపోతుంది.

నేల మీద పడుకుంటే కింద గాలి వీచదు. ఉయ్యాలలో అలా కాదు. పల్చటి నైలాన్ గుడ్డకు అవతల రాత్రంతా చల్లగాలి తిరుగుతూనే ఉంటుంది. వీపు దగ్గర కాస్త వెచ్చబడిన గాలిని వెంటవెంటనే ఎత్తుకుపోతుంది. అందుకే ఆ అబ్బాయికి నేను మూడో రగ్గు కప్పడం వల్ల లాభం లేకపోయింది. చిల్లు కింద ఉంటే నేను మూత మీద మూత పెడుతున్నాను.

ఇది మనకు కొత్త సంగతి కాదు

ఎండాకాలం మిద్దె మీద నులక మంచం వేసుకుని పడుకున్నవాళ్లకు ఇది అనుభవమే. నులక సందుల్లోంచి గాలి వీపుకు తగులుతుంది కాబట్టే ఆ మంచం మనకు ఇష్టం. అదే మంచం మీద చలికాలంలో పడుకోవాలంటే అవ్వ ముందు బొంత పరిచేది. పసిపిల్లల చీర ఉయ్యాలలో కూడా అడుగున మెత్తగా గుడ్డలు వేసే పడుకోబెడతారు.

హ్యామక్ పుట్టింది కూడా వేడి దేశాల్లోనే. ఆ పేరు కరీబియన్ దీవుల టైనో ప్రజల మాట నుంచి వచ్చింది. 1492లో కొలంబస్ అక్కడికి చేరాకే యూరప్‌కు ఆ ఉయ్యాల గురించి తెలిసింది. తర్వాత ఓడల్లో నావికులకు అదే పడక అయింది. వేడి ప్రాంతంలో కింది నుంచి తగిలే గాలి వరం. చలి రాత్రిలో అదే గాలి ఇబ్బంది. వస్తువు మారలేదు, కాలం మారింది. కాబట్టి డిసెంబర్‌లో ఉయ్యాల కట్టేవాళ్లు నులక మంచం మీద అవ్వ చేసిన పనే చేయాలి.

ఏది పరవాలి? ఇంట్లో ఉన్నవాటిని ఒకసారి చూద్దాం

*యోగా మ్యాట్ లేదా ఫోమ్ షీట్.* ఫోమ్‌లో గాలి చిన్నచిన్న మూసిన గదుల్లో ఉంటుంది కాబట్టి బరువు పడ్డా అంతగా నలగదు. నీళ్లు పీల్చదు. తేలిక. ఉయ్యాల లోపల వేసుకుంటే చాలు. ఇబ్బందులు రెండు. ఒకటి, రాత్రి కదిలినప్పుడు జారిపోతుంది. రెండు, మ్యాట్ సాధారణంగా 60 సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది. ఉయ్యాల గుడ్డ రెండు పక్కల నుంచీ భుజాలను చుట్టుకుంటుంది కాబట్టి భుజాల దగ్గర మ్యాట్ చాలదు. భుజాల కింద అడ్డంగా ఇంకో చిన్న ముక్క వేస్తే సరిపోతుంది. మొదటిసారి క్యాంప్‌కు వచ్చే పిల్లలకు ఇదే సులువైన దారి. ఇంట్లో మ్యాట్ ఉంటే కొత్తది కొనకండి.

*బొంత.* పాత నూలు చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలో ప్రతి పొర మధ్యా కొంత గాలి నిలుస్తుంది. పొడిగా ఉన్నంతసేపు బాగా పనిచేస్తుంది. నూలు తడిస్తే మాత్రం పనికిరాదు. నీళ్ల గుండా వేడి, నిలిచిన గాలితో పోలిస్తే 20 రెట్లకు పైగా తొందరగా పోతుంది. తెల్లవారుజామున మంచు పడే తోటలో బొంత వాడితే పైన టార్పాలిన్ తప్పనిసరి. టార్పాలిన్‌తో ఇంకో లాభం కూడా ఉంది. అది ఆకాశానికీ మనకీ మధ్య అడ్డుగా ఉండి వికిరణం ద్వారా పోయే వేడిని తగ్గిస్తుంది.

*కంబళి.* దీని గురించి కింద విడిగా రాస్తాను.

*మెరిసే వెండిరంగు షీట్లు.* కారు అద్దానికి పెట్టేవి, ఆన్‌లైన్‌లో దొరికేవి. ఇవి వికిరణాన్ని వెనక్కి తిప్పుతాయి. కానీ ఒంటికీ షీట్‌కూ మధ్య ఖాళీ లేకపోతే ఆ మెరుపు వల్ల లాభం లేదు. లోపల గాలి బుడగలున్న రకమైతే ఆ బుడగల వల్ల కొంత పనిచేస్తుంది. పల్చటి రేకులాంటి షీట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పైగా చెమట బయటికి పోక తెల్లారేసరికి బట్టలు తడిగా ఉంటాయి.

*అట్టపెట్టెలు, న్యూస్‌పేపర్లు.* నవ్వకండి. అత్యవసరంలో ఇవి కూడా పనికొస్తాయి. అట్ట మధ్యలో ఉండే వంకీల్లో గాలి ఉంటుంది. ఒక్క రాత్రికి చాలు. తడిస్తే అంతే సంగతులు.

కంబళి ఎందుకు గెలిచింది?

మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో గొర్రెల కాపరులు తరతరాలుగా పొలాల్లో మందలు కట్టి, ఆరుబయటే రాత్రుళ్లు గడిపారు. వాళ్లకు పరుపూ, గుడారమూ, వానకోటూ అన్నీ కంబళే. దక్కనీ జాతి గొర్రెల ఉన్ని ముతకగా, ఎక్కువగా నల్లగా ఉంటుంది. దాన్ని కత్తిరించి, ఏకి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. నేతకు ముందు పోగులకు చింతగింజల గంజి పట్టిస్తారు. కొత్త కంబళి అంత బిరుసుగా ఉండటానికి అదీ ఒక కారణం.

ఆ ముతకదనమే ఉయ్యాలలో పనికొచ్చింది. ఉన్ని పోగు తిన్నగా ఉండదు, వంకీలు తిరిగి ఉంటుంది. పోగులు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. బరువు పడితే నలుగుతాయి గానీ పూర్తిగా చదును కావు. బరువు తీయగానే మళ్లీ లేస్తాయి. ఇంకో గుణం ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను లోపలికి పీల్చుకున్నా తడిగా అనిపించదు. చెమట పట్టినా, మంచు పడినా నూలులా వెంటనే చల్లబడిపోదు.

దీనికీ ఇబ్బందులు లేకపోలేదు. బరువు ఎక్కువ. ఒంటికి గుచ్చుకుంటుంది, కాబట్టి మీద ఒక నూలు దుప్పటి వేయాలి. ఉన్ని పడని పిల్లలకు, ఆయాసం ఉన్న పిల్లలకు ఫోమ్ మ్యాటే మంచిది. చాన్నాళ్లుగా పెట్టెలో ఉన్న కంబళి అయితే రెండు రోజులు ఎండలో వేసి, గట్టిగా దులిపి పంపండి.

ఇప్పుడు మన వైపు కంబళి నేసేవాళ్లు తగ్గిపోతున్నారు. మాంసానికి గిరాకీ పెరిగి, చాలామంది ఉన్ని ఉండని నెల్లూరు జాతి గొర్రెల వైపు మళ్లారు. మీ ఇంట్లో అటక మీద పాత కంబళి ఉంటే అది పారేసే వస్తువు కాదని చెప్పడానికే ఇంత రాశాను.

ఇంట్లోనే కుట్టుకునే కింది రజాయి

పరిచినది నలిగిపోవడమే అసలు సమస్య కదా. అయితే నలగకుండా చేసే దారి ఒకటుంది. రజాయిని ఉయ్యాల లోపల కాకుండా బయట, అడుగున వేలాడదీయడం. అప్పుడు మన బరువు ఉయ్యాల గుడ్డ మీదే పడుతుంది. రజాయి మీద పడదు. అది ఉబ్బెత్తుగానే ఉండి వీపు చుట్టూ గాలిని పట్టి ఉంచుతుంది. ఉయ్యాల క్యాంపింగ్ చేసేవాళ్లు దీన్ని అండర్‌క్విల్ట్ అంటారు. కొనాలంటే ఖరీదు ఎక్కువ. పాత రజాయి, ఒక కుట్టు మిషన్, ఒక మధ్యాహ్నం ఉంటే ఇంట్లోనే అవుతుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

కావాల్సినవి: షాపుల్లో కంఫర్టర్ అని అమ్మే, లోపల ఫైబర్ దూది ఉన్న పాత సింగిల్ రజాయి ఒకటి. గట్టి నైలాన్ తాడు 8 మీటర్లు. లంగాలకు వాడే నాడా 3 మీటర్లు. వేలి మందం ఎలాస్టిక్ 1 మీటరు.

1. పిల్లవాడి ఎత్తు కొలవండి. రజాయి పొడవు అంతే ఉంచండి. వెడల్పు 110 సెంటీమీటర్లు చాలు. ఎక్కువుంటే కత్తిరించి అంచులు కుట్టేయండి. కత్తిరించిన చోట దూది బయటికి రాకుండా రెండు వరుసలు కుట్టు వేయండి.

2. పొడుగు వైపు రెండు అంచులనూ 3 సెంటీమీటర్లు మడిచి, లంగాకు నాడా దూర్చే మడతలా గొట్టంలా కుట్టండి. రెండింటిలోనూ నైలాన్ తాడు దూర్చండి. తాడు రెండు చివరలా అర మీటరుకు పైగా బయటికి రావాలి.

3. పొట్టి వైపు రెండు అంచులనూ అలాగే కుట్టి నాడా దూర్చండి. నాడా లాగితే అంచు కుచ్చులు పడాలి. తల వైపు, కాళ్ల వైపు గాలి దూరకుండా మూసేది ఇదే.

4. ఎలాస్టిక్‌ను నాలుగు ముక్కలు చేసి, బయటికి వచ్చిన నాలుగు తాడు చివరలకు ఒక్కొక్కటి గట్టిగా ముడివేయండి. ఎలాస్టిక్ రెండో చివరను ఉయ్యాల తాడుకు కడతాం. పిల్లవాడు కదిలినప్పుడు రజాయి కూడా సాగి వీపునే అంటుకుని ఉండటానికి ఇది.

5. ఉయ్యాల కట్టి, రజాయిని అడుగున తగిలించండి. పిల్లవాణ్ణి పడుకోబెట్టి మీరు కిందికి వంగి చూడండి. రజాయి ఉయ్యాల గుడ్డకు అన్ని చోట్లా తగిలీ తగలనట్టు ఉండాలి. మధ్యలో మీ చెయ్యి సులువుగా దూరితే ఖాళీ ఎక్కువైందని అర్థం, గాలి దూరుతుంది. తాళ్లు పొట్టి చేయండి. రజాయి గట్టిగా బిగిసి పల్చబడితే తాళ్లు వదులు చేయండి.

6. ఇరవై నిమిషాలు అలాగే పడుకోనివ్వండి. ఎక్కడ చల్లగా ఉందో పిల్లవాణ్ణే అడగండి. ఎక్కువగా భుజాల దగ్గరో నడుము దగ్గరో అంటాడు. అక్కడ నాడా, తాడు సర్దండి.

కుట్టు మిషన్ లేకపోతే కంబళితోనే కుట్టకుండా చేయొచ్చు. కంబళి నాలుగు మూలల్లో ఒక్కో గులకరాయి పెట్టి, గుడ్డను రాయి చుట్టూ మూటలా పట్టి, దాని మెడకు తాడు బిగించండి. ఎంత లాగినా జారదు, కంబళికి చిల్లు పడదు. ఆ నాలుగు తాళ్లనూ ఉయ్యాల తాళ్లకు కట్టండి. కంబళి బరువుకు ఎలాస్టిక్ సాగిపోతుంది కాబట్టి దీనికి తాడే వాడాలి.

జాగ్రత్తలు, దయచేసి తప్పకుండా చదవండి

ఉయ్యాల ఎత్తు పెద్దల మోకాలి ఎత్తు దాటకూడదు. కింద రాయి, మొద్దు ఉండకూడదు. క్యాంప్‌లో చెట్లు మేమే చూసి, వెడల్పాటి బెల్టులతో కడతాం.

ఇంట్లో ప్రాక్టీసుకు మిద్దె పిట్టగోడలకు, నీళ్ల ట్యాంకు పైపులకు, గేటు స్తంభాలకు ఉయ్యాల కట్టకండి. మనిషి బరువు పడితే పక్కకు లాగే బలం మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. గోడ కూలితే ప్రాణాపాయం. గట్టి చెట్లు లేకపోతే ప్రాక్టీసు మానేయండి.

చలిగా ఉందని గుడారంలో గానీ, మూసిన గదిలో గానీ కుంపటి, బొగ్గులు పెట్టొద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. క్యాంప్‌లో మంట రాత్రి తొమ్మిదింటికి ఆర్పేస్తాం.

ఈ ఏర్పాట్లన్నీ పెద్ద పిల్లలకే. ఇంట్లో చిన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను హ్యామక్‌లో ఒంటరిగా వదలొద్దు. పసిపిల్లల దగ్గర వదులుగా ఉండే రజాయిలు, తాళ్లు అసలే వద్దు.

పిల్లవాడు వణుకుతుంటే ముందు తడి బట్టలు మార్చి, కింద పరిచి, తర్వాత మీద కప్పాలి. ఈ వరుస పిల్లలకు కూడా నేర్పండి. పక్కవాడు వణుకుతుంటే టీచర్‌ని లేపడానికి మొహమాటపడొద్దని చెప్పండి.

ఇంట్లో చేసి చూసే చిన్న ప్రయోగం

ఏడో తరగతి ఉష్ణం పాఠానికి ఇది ప్రాజెక్టుగా కూడా పనికొస్తుంది. ఒకే సైజు మూత ఉన్న స్టీలు డబ్బాలు మూడు తీసుకోండి. పెద్దవాళ్లు దగ్గరుండి మూడింట్లోనూ ఒకే కొలత గోరువెచ్చని నీళ్లు పోయండి. ఒకటి బండల మీద ఉత్తగా పెట్టండి. రెండోదాన్ని పొడి ఉన్ని లేదా టర్కీ టవల్‌లో వదులుగా చుట్టండి. మూడోదాన్ని అదే టవల్ లాంటిదాన్ని తడిపి పిండి అందులో చుట్టండి. అరగంట తర్వాత థర్మామీటర్‌తో మూడూ చూడండి. జ్వరం చూసేది కాకుండా ల్యాబ్‌లో వాడేది కావాలి, స్కూల్‌లో అడిగితే ఇస్తాం. ఏది ఎక్కువ వేడిగా ఉంటుందో ముందే ఊహించి నోట్‌బుక్‌లో రాయమనండి. ఊహ తప్పినా కొట్టేయొద్దు. ఎందుకు తప్పిందో దాని కిందే రాయాలి. ఆ పేజీ నాకు చూపించమనండి.

ఈ ఏడాది లిస్టు

ఈసారి లిస్టు మార్చి పంపుతున్నాను. కప్పుకోవడానికి ఒక రగ్గు చాలు. కింద పరవడానికి ఫోమ్ మ్యాట్, బొంత, కంబళి, ఇంట్లో కుట్టిన కింది రజాయి, వీటిలో ఏదో ఒకటి తప్పనిసరి. రాత్రికి విడిగా పొడి బట్టల జత, సాక్సులు, తలకు టోపీ. స్లీపింగ్ బ్యాగ్ ఉంటే తేవచ్చు, లేకపోతే కొనక్కర్లేదు. హ్యామక్ కూడా అంతే. ఉయ్యాల లేని పిల్లలు నేల మీద పడుకుంటారు, పోయిన ఏడాది బాగా నిద్రపోయింది వాళ్లే.

క్యాంప్‌కు ముందు శనివారం మధ్యాహ్నం స్కూల్‌లో రజాయి కుట్టడం, కంబళి కట్టడం నేర్పే క్లాసు పెడుతున్నాం. తల్లిదండ్రులు, అవ్వాతాతలు అందరూ రావచ్చు. రజాయి నేను చూపిస్తాను. కంబళి మడతల సంగతి మాత్రం నాకన్నా బాగా తెలిసినవాళ్లు చెప్పాలి. అందుకని ఆ రాత్రి కంబళి ఇచ్చిన అబ్బాయి వాళ్ల తాతగారి ఇంటికి వెళ్లి అడిగాను.

ఆయన నా మాటలన్నీ విని నవ్వారు. "పైన ఎంత కప్పుకుంటే ఏముంది మేడం, కింద సల్లగుంటే నిద్ర పడుతుందా? ఇది కూడా స్కూల్లో చెప్పాల్నా?" అన్నారు. చెప్పాలి సార్, ముందు నాకే చెప్పాలి అన్నాను. వస్తానన్నారు. మనవడు పక్కనే నిలబడి, "మేడం, ఈసారి కంబళి బ్యాగ్ పైనే పెట్టుకుంటా" అన్నాడు.

శనివారం కలుద్దాం.

మీ,
ఫిజికల్ సైన్స్ టీచర్, నైట్ క్యాంప్ ఇన్‌ఛార్జ్
ముదిగుబ్బ బ్రాంచ్